లాల్‌పేట్‌లో నలభై ప్రశ్నలు

పాఠక్ మేడమ్ పోయారని నాగపూర్ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. సంతాపసభలో చదవడానికి మరాఠీలో ఒక పేజీ రాసి పంపమంది. సరేనన్నాను. మేడమ్ దగ్గర నేను చదివింది ఇరవై రెండు నెలలు. అందులో కామెర్లతో పడుకున్న పదిహేడు రోజులు తీసేయాలి. ఇంత లెక్క గుర్తున్నదాన్ని, ఒక పేజీకి గంట చాలుననుకున్నాను. మూడు రోజులు పట్టింది. ఆమె విద్వత్తు గురించి రాయబోతే లాల్‌పేట్‌లో చింతమానుకు కట్టేసిన ఒక మేక గుర్తుకొచ్చేది. ఆమె సమయపాలన గురించి రాయబోతే ఒక పిల్ల ఉత్త మణికట్టు చూసుకుంటూ టైమయిందనడం వినిపించేది. పేజీ ఎలాగో నింపి పంపాను. అందులో పట్టనిది ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. తెలుగు అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నవి, మా చంద్రపూర్ బడుల్లో నేర్పినవి కావు. తేదీలన్నీ నా డైరీల్లో ఉన్నాయి, ఇక్కడ వాటితో పని లేదు.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. జీతం లేని సెలవు పెట్టి ఊళ్ళోనే కాలేజీలో శిశువిద్య, కుటుంబ వికాసం అనే పై చదువులో చేరాను. మా నాన్నకు బజారులో బట్టల దుకాణం. గుడ్డ రెండుసార్లు కొలవనిదే కత్తెర పెట్టేవాడు కాదు. ఆ రోజుల్లోనే దుకాణానికి కుడిపక్క ఎస్టీడీ బూత్ వచ్చింది, ఎడమపక్క రెడీమేడ్ దుస్తుల కొట్టు వచ్చింది. నాన్న మధ్యలో గజంబద్ద పట్టుకుని కూర్చుని రోడ్డు మీద పోయేవాళ్ళ అంగీల కుట్టు చూసి తల అడ్డంగా ఊపేవాడు. ఇంట్లో తెల్లవారకముందే మా అమ్మ బొగ్గుల పొయ్యి వాకిట్లో పెట్టి విసనకర్రతో రాజేసేది. పొగ తగ్గాకే లోపలికి తెచ్చేది. గాలి దక్షిణం నుంచి వీస్తే బల్లార్‌పూర్ కాగితం మిల్లు వాసన పొగతో కలిసేది. ఆ వాసనకు అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, చదువుకుంటున్న నా వైపు చూసి, "పిల్లల్ని పెంచుడు గూడ కాలేజీల నేర్పుతరా? పదకొండు మందిని కన్న మా అవ్వకు ఎవరు నేర్పిన్రు?" అనేది. పదకొండు మందిలో ఎందరు బతికారని నేను అడిగేదాన్ని. "ఏడుగురు," అనేది అమ్మ. "లెక్కలకు మాత్రం ముందుంటవు."

నిజానికి ఆ చదువు నాకూ అయోమయంగానే ఉండేది. పుస్తకాలు ఇంగ్లీషు, పాఠం మరాఠీ, మేం వెళ్ళి చూడవలసిన ఇళ్ళలో తెలుగు, హిందీ. తల్లి గది విడిచి వెళ్ళినప్పుడు బిడ్డ ఏం చేస్తుందో పది నిమిషాలు గమనించాలని ఒక పాఠం. గని కార్మికుల ఇళ్ళలో ఉన్నదే ఒక గది. తల్లిని గది విడిచి వెళ్ళమంటే, "యాడికి పోవాలె?" అని అడిగేది. పాఠక్ మేడమ్‌కు ఇలాంటి తికమకలు ఉండేవి కావు. క్లాసులోకి రాగానే చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టేవారు. నూలు చీర, నున్నగా దువ్విన ముడి, చేతిలో ఎప్పుడూ చెక్కిన పెన్సిలు. ఆమె చెప్పిన సూత్రం నా పుస్తకం మొదటి పేజీలో ఉంది: "కనపడింది రాయండి. వినపడింది రాయండి. మీకు ముందే తెలిసింది రాయకండి." ఇది నాకు నచ్చింది. ఇది మా నాన్న గుడ్డ కొలిచే పద్ధతి.

కాలేజీ ఆవరణలోనే మేం పాఠాలు చెప్పి నేర్చుకునే పసిపిల్లల బడి, బాలవాడి, ఒకటి ఉండేది. ముప్పై సీట్లు. ఊళ్ళో సందుకొక ఇంగ్లీషు నర్సరీ బోర్డు లేస్తున్న రోజులవి. మా బాలవాడిలో రెండేళ్ళు చదివిన పిల్లలను ఆ పెద్ద బడులు మరో ప్రశ్న అడక్కుండా తీసుకునేవి. అందుకని గని కుటుంబాలకు కేటాయించిన ఐదు సీట్ల కోసం బొగ్గుగని బస్తీ లాల్‌పేట్‌లో చాలామంది ఆశ పడ్డారు. గనిలోకి యంత్రాలు వస్తాయని, చేతిపని చేసేవాళ్ళ అవసరం ఉండదని అప్పటికే గుసగుసలు. పిల్ల వయసుకు తగినట్టు ఎదిగిందా లేదా చూడడానికి నలభై ప్రశ్నల కాగితం. తల్లిని అడిగి మేం నింపాలి. వస్తే ఒకటి, రాకపోతే సున్నా. ఇరవైకి తక్కువైతే ఆ పిల్ల పేరు వేరే జాబితాలోకి వెళ్తుంది. నాగపూర్‌లో పరీక్ష చేయించాలి, సీటు మాత్రం ఉండదు. ఆ కాగితాలే నా పరిశోధన కూడా. నాకు ఇరవై నాలుగు ఇళ్ళు వచ్చాయి. తొమ్మిది మరాఠీ గుమస్తాల ఇళ్ళు, పదిహేను తెలుగు కార్మికుల ఇళ్ళు. మా ఇంటి నుంచి సైకిల్ మీద ఇరవై ఐదు నిమిషాలు. పదమూడు గురువారాలు తిరిగాను.

మరాఠీ ఇళ్ళలో నన్ను మేడమ్ అని కుర్చీ వేసి ప్రశ్నలకు జవాబులు చెప్పి పంపేవారు. తెలుగు ఇళ్ళలో చాప వేసేవారు, మన పిల్లే అని సంబరపడేవారు, చాయ్ ఇచ్చేవారు. ఆపైన వాళ్ళ ప్రశ్న ముందు వచ్చేది. రాజవ్వ ఇంట్లో దాన్ని ఆమె అత్త పోచవ్వ అడిగింది.

"పెండ్లయిందా బిడ్డా?"

"లేదు."

"లేదా? ఎన్నేండ్లున్నయి నీకు?"

"ఇరవై తొమ్మిది."

"మరి పిల్లల సంగతి నీకేమెరుక? పుస్తకంల ఉంటదా?"

రాజవ్వ అత్తను మోచేత్తో పొడిచింది. వాళ్ళ సొంతూరు లక్కడ్‌కోట్. రాజవ్వ భర్త గనిలో పనికి కుదిరాక ఇక్కడికి వచ్చారు. రాజవ్వకు ఇరవై నాలుగు. కూతురు సరితకు మూడేళ్ళ నాలుగు నెలలు. ఆ పిల్ల తల్లి కొంగు వెనక నుంచి ఒక కన్నుతో నన్నే చూస్తోంది.

"గుండీలు పెట్టుకుంటదా?" అని అడిగాను.

"రాదక్కా."

"రంగుల పేర్లు చెప్తదా?"

"యాడిది అక్కా, నలుపేందో తెలుపేందో తెల్వది."

"పాటలు?"

"నోరే తిరుగది."

"తన చేత్తోని అన్నం తింటదా?"

"తిననే తినది. గాలి మీద బతుకుతుంది."

గాలి మీద బతుకుతున్న పిల్ల బుగ్గలు కొంగు చాటు నుంచి నాకు కనిపిస్తూనే ఉన్నాయి. కాని ప్రశ్నల్లో బుగ్గల గురించి లేదు. పిల్లను పలకరించాను, పెదవి విప్పలేదు. సున్నాలు వేశాను. తల్లిని మూడు గురువారాలు అడిగితే మూడు గురువారాలూ అవే జవాబులు. నలభైకి మొత్తం తొమ్మిది.

ఇరవై నాలుగు ఇళ్ళ లెక్క తీశాను. మరాఠీ ఇళ్ళ సగటు ఇరవై తొమ్మిది, తెలుగు ఇళ్ళ సగటు పద్నాలుగు. కూడికలు మూడుసార్లు సరిచూశాను, తప్పు లేదు. మేడమ్ ఆ కాగితం చూసి మొదటిసారి నన్ను కూర్చోమన్నారు. ఇంత తేడా ఎవరూ చూపించలేదని, నాగపూర్ సదస్సులో చదవవచ్చని అన్నారు. నాకు సంతోషమే. కాని ఆ రాత్రి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాను. నేనూ తెలుగు ఇంటి పిల్లనే కదా, మరి నేనూ పద్నాలుగేనా? కూడికలు సరైనవి. పిల్లలు కూడా ఏమంత మొద్దుల్లా కనపడలేదు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియలేదు. సూత్రం ప్రకారం నాకు తోచింది రాయకూడదు.

అందరికన్నా తక్కువ వచ్చిన సరిత పేరు నాగపూర్ జాబితాలో మొదట చేరింది. నోటీసు బోర్డు మీద పెట్టేలోపు ఆ తల్లికి ముందుగా చెప్పడం ధర్మమనిపించి ఒక మంగళవారం లాల్‌పేట్ వెళ్ళాను. నేను వెళ్ళేది గురువారాలే. పుస్తకం తీసుకెళ్ళలేదు. ఇంటి వెనక సైకిల్ ఆపుతుంటే గొంతు వినిపించింది. చింతమాను కింద మేక. దాని ముందు పీట వేసుకుని సరిత. తీగ వంచి చేసిన కళ్ళద్దాలు, ఒళ్ళో పగిలిన పలక.

"చెప్పు, గుండీలు పెట్టుకునొస్తదా?" మేకను అడుగుతోంది. తీగ కళ్ళద్దాలు ముక్కు మీదికి తోసుకుంది, నేను తోసుకున్నట్టే. "రాదు. రాస్తున్న. పాటొస్తదా? రాదు. ఎర్రదేంది, పచ్చదేంది? ఏమెరుకలేదు. నోరు తెరువు. మీ అవ్వ నీకు బువ్వ పెడ్తలేదా? ఎందుకు పెడ్తలేదు?" మణికట్టు ఎత్తి చూసుకుంది. అక్కడ గడియారం లేదు. "టైమయింది. మల్ల గురువారమొస్త. అప్పటిదాంక అన్ని నేర్చుకో, సమజయిందా?"

నలభై ప్రశ్నల్లో ముప్పై దాకా వాటికి జవాబులు ఆ రెండు నిమిషాల్లోనే ఉన్నాయి. రాజవ్వ బిందెతో వచ్చి నన్ను చూసి, బిందె దించడం కూడా మరచి పిల్లను లాగి వెనక్కి దాచుకుంది.

"ఇయ్యాల గురువారమా అక్కా?"

"కాదు. రాజవ్వా, పిల్లకు నోరు తిరుగదంటివి గదా."

పిల్ల పేరు నాగపూర్ జాబితాలో పడిందని, సీటు రాదని చెప్పాను. అప్పుడు బిందె దించి గడప మీద కూలబడింది. "గట్లయితదని నాకేమెరుకక్కా? సీటు కావాలె. దాని నాయన రోజు అడుగుతుండు. గని బందైతే ఏం తింటం, పిల్లన్న చదువాలె అంటుండు."

"మరి అన్నీ రావని ఎందుకు చెప్పినవ్?"

ఆమె చెప్పింది, నేల చూస్తూ. సరితకన్నా ముందు ఒక కొడుకు. ఏడో నెలలో శిశు ప్రదర్శన అని ఒకటి జరిగితే తీసుకెళ్ళారు. అక్కడ తక్కెట్లో పెట్టి తూచారు, పొడుగు కొలిచారు, అన్నిట్లో మొదటివాడని కాగితం మీద రాసి నలుగురి ముందు చదివారు, స్టీలు గిన్నె ఇచ్చారు. అది జరిగిన ఎనిమిదో వారానికి జ్వరమొచ్చి పోయాడు. "ఇంగ అప్పటిసంది దీని సంగతి ఎవరికి చెప్తలేనక్కా. నువ్వు పుస్తకం తీస్తివి. పెన్ను తీస్తివి. వస్తదని ఎట్ల చెప్పుదు?"

పోచవ్వ లోపలి నుంచి అందుకుంది. "నిజం చెప్త, ఏమనుకోకు బిడ్డా. అదొక్కటే కాదు. నువ్వు మనదానివాయె, పెండ్లి గాకపాయె, పిల్లలు లేకపాయె. పిల్లలు లేనామె ముందల బిడ్డ గొప్పలు చెప్తరా ఎవరన్న? నువ్వు మంచిదానివే. కన్ను మన మాట ఇనదు గదా."

"అత్తా, ఊకో!" అంది రాజవ్వ.

సైకిల్ తొక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళాను. ఇరవై ఐదు నిమిషాల దారికి గంటా పది నిమిషాలు పట్టింది. పదిహేను ఇళ్ళలోనూ ఆ పెళ్ళి ప్రశ్న అడిగారు. పదిహేను ఇళ్ళలోనూ ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పి, చెప్పిన వెంటనే పెన్ను మూత తీశాను. మరాఠీ ఇళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. అంటే నేను కొలిచింది పిల్లలనా, నన్నా? ఇల్లు చేరగానే మా వదిన ఎప్పటిలాగే, "మీ మేనల్లుడు పొద్దటిసంది ఏం తినలేదు," అంది. రోజూ అదే చెప్పేది. ఆ పిల్లవాడు ఎందుకు తినడో అర్థంకాక, వారానికి సరిపడా ఏం పెట్టాలో చార్టు కూడా రాసి వంటింట్లో అంటించాను. ఆ చార్టు ముందు నిలబడి, దాన్ని తీసేయాలో ఉంచాలో తెలియక ఉంచేశాను. ఎందుకలా అంటుందో వదినను ఏనాడూ అడగలేదు.

మర్నాడు మేడమ్‌కు చెప్పాను. పెళ్ళి సంగతి చెప్పలేదు, మిగతాదే చెప్పాను.

"నీకు తెలిసింది రాయొద్దన్నానా?"

"తెలిసింది కాదు మేడమ్, విన్నది. పిల్ల మాట్లాడుతుంటే విన్నాను."

"ఎవరితో?"

"మేకతో."

మేడమ్ పెన్సిలు కింద పెట్టారు. "మేక సాక్ష్యం పనికిరాదు. శనివారం పదకొండింటికి తల్లిని నా ఎదుట చెప్పమను. చెప్పకపోతే ఆ తొమ్మిది మార్కులే ఉంటాయి."

శనివారం పదింపావుకే వచ్చారు ముగ్గురూ. రాజవ్వ పెళ్ళినాటి చీర కట్టుకుంది. దారి పొడవునా "అన్నీ వస్తయని చెప్పాలె, చెప్పాలె" అని అత్తకు, తనకు కూడా చెప్పుకుంటూ వచ్చిందట. మేడమ్ గడియారం బల్ల మీద పెట్టారు. నేను మొదటి ప్రశ్న అడిగాను. రాజవ్వ నోరు తెరిచింది. "రాదు," అంది. రెండోదానికీ రాదంది. మూడోదానికి తల మాత్రం ఊపింది, కళ్ళ నిండా నీళ్ళు. సరిత బల్ల కింద గచ్చు మీద కూర్చుని కదల్లేదు. మేడమ్ చేయి గడియారం వైపు వెళ్ళింది.

నాకు ఏ పుస్తకమూ గుర్తు రాలేదు. కాగితం బోర్లా పెట్టాను. మా వాకిట్లో పొయ్యి దగ్గర అమ్మ పక్కింటావిడను అడిగే గొంతుతో అడిగాను. "రాజవ్వా, ఈ పిల్లతోని మస్తు తకలీఫ్ అయితుందంట గదా?"

"తకలీఫా?" రాజవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అడుగకక్కా. దినమంత గుండీలు పెట్టుడు, విప్పుడు, మల్ల పెట్టుడు. మూడంగీల గుండీలు తెంపింది. నేను పెడ్తనంటే చెయ్యి కొరుకుతది."

కాగితం తిప్పి ఒకటి వేశాను.

"రంగు పెన్సిళ్ళు తెస్తే, ఎర్రది గాదు, గులాబిది గావాలె అని బజార్ల బొర్లిబొర్లి ఏడ్సింది. ఇజ్జత్ పోయింది."

ఒకటి.

"బొగ్గు లారీలు పోతుంటే లెక్కవెట్టుడే. నా నెత్తి తింటది. తలుపు గొళ్ళెం అందకపోతే పీటేసుకొని తీసి పక్కింటికురుకుతది, టీవీల పాటలన్ని నేర్చుకొనొచ్చింది."

పోచవ్వ ఇక ఆగలేకపోయింది. "నేను కథ చెప్పుకుంట ఒక ముక్క మరిచిపోతే, 'గట్ల గాదు ముసల్దానా, ముందల పులొస్తది' అంటది. పెద్ద చిన్న లేదు దీనికి. నువ్వే చెప్పు బిడ్డా, గిసొంటి పిల్లను యాడన్న చూసినవా?"

ఇద్దరూ పోటీపడి తిట్టారు. సరిత బల్ల కింద నుంచి బయటికొచ్చి, తన గురించి ఇంత మంచి మాటలు వింటూ కాసేపు నిలబడి, వరండాలోకి నడిచింది. మేడమ్‌కు తెలుగు రాదు. "ఆమె అన్నీ ఫిర్యాదులే చేస్తున్నట్టుంది, నువ్వు ఒకట్లు వేస్తున్నావేమిటి?" అన్నారు. ఒక్కొక్కటీ మరాఠీలో చెప్పాను. విన్నారు. "ఇది ఏ పుస్తకంలో ఉంది?" అని అడిగారు. ఎందులోనూ లేదన్నాను. ఆమె ముఖంలో నాకు తెలిసిన తికమకే ఉంది. దాన్ని అక్కడ చూడడం అదే మొదలు.

ఆ తరువాత మిగతా పద్నాలుగు ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళి తకలీఫుల గురించి అడిగాను. ఆరు వారాలు పట్టింది. తెలుగు ఇళ్ళ సగటు ఇరవై ఎనిమిదికి వచ్చింది. తేడా మాయమైంది. నాగపూర్ సదస్సు సంగతి మేడమ్ మళ్ళీ ఎత్తలేదు. పరీక్షకు వచ్చిన పెద్దమనిషి "ఏం కనుక్కున్నావు?" అంటే "తేడా లేదని," అన్నాను. "దానికి రెండేళ్ళా?" అన్నాడు. నాకు సెకండ్ క్లాసే వచ్చింది. అయితే ఇరవై ఎనిమిది మాత్రం నిజమని ఎలా చెప్పను? కోపంలో తల్లులు ఎక్కువ చేసి చెప్పి ఉండరా? పోచవ్వ పులి కథ పూర్తిగా నమ్మదగ్గదేనా? తరువాత ఇరవై ఏడేళ్ళు ఇదే పాఠం ఇతరులకు చెప్పాను, ఈ ప్రశ్న దగ్గర ప్రతి ఏడూ గొంతు సవరించుకునేదాన్ని. ఇప్పటి తల్లులు ఫోన్ తెరిచి, పిల్ల చెప్పే రంగులు, అంకెలు, దేశాల పేర్లు ముందుగానే చూపిస్తారు. నేను పెళ్ళయినదాన్నో కాదో అడగరు. నా కన్ను వాళ్ళకు లెక్కలో లేదు. అప్పుడు ఎంత కలపాలో తెలియలేదు, ఇప్పుడు ఎంత తీసేయాలో తెలియడం లేదు. దిష్టికి భయపడే తల్లికే బిడ్డ విలువ ఎక్కువ తెలుసునని కొన్నాళ్ళు అనుకున్నాను. అదీ ఖాయంగా చెప్పలేను. ఈ తల్లులూ రాత్రి నిద్రలేక పిల్ల నుదురు తడిమి చూస్తూనే ఉంటారు.

మేడమ్ గురించి రాసిన పేజీలో చేర్చనిది ఒకటి ఉంది. ఆ శనివారం తిట్లన్నీ అయ్యాక, పోచవ్వ మేడమ్‌కు చేతి సైగలతో ఏదో చెబుతుండగా, రాజవ్వ నా పక్కకు జరిగింది.

"ఎన్నైనయక్కా?"

"ముప్పై తొమ్మిది. ఇంగొకటుంది."

"నలభైకి నలభై రాస్తవా?"

"వస్తే రాయాలె గదా."

పెన్ను పట్టుకున్న నా చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది. నీళ్ళు మోసిన చెయ్యి, గట్టిది. "వద్దక్కా. అన్నీ వస్తయని కాయిదం మీద ఉండొద్దు. పెద్దోనికి గట్లనే నిండుగ రాసిన్రు. నువ్వే రాయి, నీ చేత్తోని, ఒక్కటి రాదని."

నలభయ్యో ప్రశ్న, ఒంటికాలి మీద ఐదు గెంతులు గెంతగలదా. వరండాలో నలుపు తెలుపు గచ్చు బిళ్ళలు. సరిత కుడికాలి మీద, నల్ల బిళ్ళలు మాత్రమే తొక్కుతూ, ఈ చివరి నుంచి ఆ చివరికి పోతోంది. నేను ఆ గడిలో సున్నా వేశాను. తెలిసి నేను రాసిన తప్పు అంకె అదొక్కటే. రాజవ్వ నా చెయ్యి వదిలింది.

మేడమ్ కాగితం తీసుకున్నారు. ఒక్కొక్క గడి మీద పెన్సిలు మొన ఆన్చుతూ కిందికి వచ్చారు, ఆమె అలవాటు. ఆఖరి గడి దగ్గర మొన ఆగింది. వరండాలో అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. తొమ్మిది, పది, పదకొండు. మేడమ్ తల ఎత్తి తలుపు వైపు చూశారు. పన్నెండు. పదమూడు. తరువాత తల దించి, "ముప్పై తొమ్మిది," అని పైకి చదివి, సంతకం పెట్టి, తర్వాత ఎవరో లోపలికి పిలవమన్నారు.